సైరంధ్రి అడవిలో బురద దారి

దసరా పండగ వచ్చింది. తిరుప్పూరులో బనియన్ల కంపెనీలకు ఆయుధ పూజ సెలవులు ఇచ్చారు. తిరుప్పూరు తమిళనాడులో ఉంది. ఆ ఊళ్లో మన తెలుగువాళ్లు కూడా పని చేస్తున్నారు.

వాళ్లలో ఒక కుటుంబం చిత్తూరు జిల్లా పల్లె నుంచి వెళ్లింది. భార్యాభర్తలు ఇద్దరూ కుట్టు మిషన్ల మీద పని చేస్తారు. వాళ్లకు ఇద్దరు పిల్లలు. పాపకు పదేళ్లు. బాబుకు ఆరేళ్లు.

పండగకు ఊరి నుంచి అవ్వ వచ్చింది. అవ్వకు అరవై ఏళ్లు దాటాయి. ఆమె వయసులో ఉండగా రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. ఇప్పుడు బస్సు బోర్డు చదువుతుంది. పొదుపు సంఘం పుస్తకంలో లెక్క తానే చూసుకుంటుంది.

"అమ్మను ఎక్కడికైనా తీసుకుపోదాం" అన్నాడు కొడుకు.

"గుడికి పోదాం" అంది అవ్వ.

"అడవికి పోదాం" అన్నారు పిల్లలు.

కోడలు నవ్వింది. "కేరళలో సైరంధ్రి వనం అని ఉందంట అత్తా. నాతో పని చేసే ఆమెది ఆ పక్క ఊరే. రమ్మని ఎన్నిసార్లో పిలిచింది" అంది.

సైరంధ్రి అనే మాట వినగానే అవ్వ లేచి కూర్చుంది. వాళ్ల ఊళ్లో ద్రౌపదమ్మ గుడి ఉంది. అక్కడ భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. విరాట పర్వం ఆమె ఎన్నిసార్లు చూసిందో లెక్కే లేదు. విరాటరాజు కొలువులో ద్రౌపది పెట్టుకున్న పేరే సైరంధ్రి.

"అయితే పోదాం పదండి" అంది అవ్వ.

అక్షరాలు మారాయి, అంకెలు మారలేదు

వాళ్లు కోయంబత్తూరు, పాలక్కాడు మీదుగా మన్నార్కాడు చేరారు. ఆ రాత్రి కోడలి స్నేహితురాలి ఇంట్లో పడుకున్నారు. రాత్రంతా వాన కురిసింది.

తెల్లారి ముక్కాలికి బస్సు ఎక్కారు. అవ్వ కిటికీ పక్కన కూర్చుంది. దారిలో బోర్డులన్నీ మలయాళంలో ఉన్నాయి. అవ్వ ముఖం చిన్నబోయింది.

"ఇంత నేర్చుకుని ఏం లాభం? మళ్లీ చదువు రాని దాన్నయిపోతిని" అంది.

"కిలోమీటరు రాళ్లు చూడు అవ్వా" అంది పాప.

అవ్వ చూసింది. రాళ్ల మీద అంకెలు ఉన్నాయి. అవి మన పుస్తకాల్లో ఉండే అంకెలే. ఇంకెంత దూరం ఉందో అవ్వే అందరికీ చెబుతూ వచ్చింది.

ముక్కాలిలో అటవీ శాఖ ఆఫీసు ఉంది. అక్కడ టికెట్లు తీసుకున్నారు. తోడు ఒక గైడు వచ్చాడు. గైడు అంటే దారి చూపే మనిషి. అతను ఆ కొండల్లో పుట్టిన గిరిజన యువకుడు. తమిళం మాట్లాడతాడు. కోడలికీ తమిళం వచ్చు. అందువల్ల మాటకు ఇబ్బంది లేకపోయింది.

"ప్లాస్టిక్ సంచులు లోపలికి తేకూడదు. అరవకూడదు. దారి వదిలి పోకూడదు" అని అతను చెప్పాడు.

ముక్కాలి నుంచి సైరంధ్రికి 23 కిలోమీటర్లు. అడవిలో జీపు మీద వెళ్లారు. ఘాటు దారి. మలుపు మలుపుకు మబ్బు అడ్డం వచ్చింది. చివరికి జీపు ఆగింది. అక్కడ 30 మీటర్ల ఎత్తు ఇనుప మంచె ఉంది. పైకి ఎక్కితే కొండలన్నీ కనిపిస్తాయి. అవ్వ మాత్రం ఎక్కలేదు. మోకాళ్ల నొప్పి.

"మంచె వద్దు. నది దాకా నడుస్తా" అంది.

నది కిందుగా ఉంది. సుమారు ఒకటిన్నర కిలోమీటరు నడక.

వానల అడవి

దారి మొదట్లోనే అందరూ ఆగిపోయారు. పగలు పది గంటలైనా సాయంత్రంలా ఉంది. వాన ఎప్పుడో నిలిచింది. అయినా చెట్ల మీది నుంచి చినుకులు పడుతూనే ఉన్నాయి.

ఈ అడవిని వర్షారణ్యం అంటారు. అంటే వానల అడవి. ఇక్కడ ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. ఎక్కువ వాన జూన్ నుంచి సెప్టెంబరు వరకు కురుస్తుంది. మన నల్లమల, శేషాచలం అడవుల్లో ఎండాకాలం చాలా చెట్లు ఆకు రాలుస్తాయి. ఇక్కడ అడవి ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది.

ఈ అడవి మేడ ఇల్లు లాంటిది. అన్నిటికంటే పైన మహావృక్షాల కొమ్మలు. వాటి కింద నడి ఎత్తు చెట్లు. ఆ కింద చిన్న చెట్లు, తీగలు. నేల మీద మొక్కలు, నాచు, పుట్టగొడుగులు. ఒక్కో అంతస్తులో వేరే ప్రాణులు కాపురం ఉంటాయి.

ఒక చెట్టు మొదలు చూసి బాబు నోరు తెరిచాడు. దాని వేర్లు పలకల్లా నేల మీదికి లేచి ఉన్నాయి. రెండు వేర్ల నడుమ బాబు దాక్కుంటే కనపడలేదు. ఇంత పెద్ద చెట్టు నిలబడడానికి ఆ పలకలే ఊతం. చెట్టు నిండా నాచు. కొమ్మల మీద వేరే మొక్కలు మొలిచాయి. అడవి మిరియాల తీగ, అడవి ఏలకుల మొక్క గైడు చూపించాడు. మనం వంటలో వాడే మిరియాలకు, ఏలకులకు ఈ పడమటి కొండలే పుట్టిల్లు.

పై కొమ్మల్లో ఏదో కదిలింది. నల్లటి కోతి. ముఖం చుట్టూ తెల్లటి జూలు. తోక చివర సింహం తోకకు ఉన్నట్టు కుచ్చు. దీన్ని సింహపు తోక కోతి అంటారు. ప్రపంచంలో మరెక్కడా ఈ కోతి అడవిలో బతకదు. పడమటి కనుమల్లోనే బతుకుతుంది. అది ఎక్కువగా కొమ్మ నుంచి కొమ్మకే పోతుంది. నేల మీదికి దిగడం తక్కువ. నడుమ చెట్లు నరికేస్తే దానికి దారి తెగిపోయినట్టే.

బురదలోనే నడవాలి

కొంత దూరం పోయాక దారి బురదగా మారింది. కోడలు కొత్త చెప్పులు వేసుకుంది. ఆమె బురద తప్పించుకుని పక్కన మొక్కల మీద కాలు పెట్టింది.

"అక్కా, దారిలోకి రండి. బురదలోనే నడవండి" అన్నాడు గైడు.

కోడలికి కోపం వచ్చింది. "చీరంతా పాడైపోదా?" అంది.

గైడు నెమ్మదిగా చెప్పాడు. "ఒకసారి కిందికి చూడండి అక్కా. దారిలో బురద ఉంది. దారి పక్కన బురద ఉందా?"

అందరూ చూశారు. దారి పక్కన రాలిన ఆకులు మందంగా పరుచుకుని ఉన్నాయి. అక్కడ బురద లేదు. అవ్వ వంగి ఆకుల కింద చెయ్యి పెట్టింది. నేల చల్లగా, మెత్తగా ఉంది. దూదిలా అణిగింది. ఆకుల కింద తెల్లటి సన్న దారాలు కనిపించాయి. అవి బూజు దారాలు. రాలిన ఆకును అవి కుళ్లబెడతాయి. చెట్టుకు మళ్లీ ఎరువుగా ఇస్తాయి.

"వాన ఒకటే. ఇక్కడ బురద, అక్కడ లేదు. ఎందుకంటావు?" అని పాప అడిగింది.

జవాబు అవ్వే చెప్పింది. "ఆకులు ఉన్నచోట నీళ్లు లోపలికి ఇంకుతాయి పాపా. మనుషులు తొక్కినచోట ఆకులు పోయాయి. నేల గట్టిపడింది. ఇంకేదానికి దారి లేదు. నీళ్లు పైనే నిలిచి బురద అయింది."

"అవునవ్వా. అందుకే పక్కన తొక్కొద్దంటాం" అన్నాడు గైడు.

కొంచెం ముందుకు పోయాక ఒకచోట దారి వెడల్పుగా ఉంది. రెండు అడుగుల దారి అక్కడ ఎనిమిది అడుగులైంది. మొదట ఎవరో బురద తప్పించుకుని పక్కన నడిచారు. అక్కడా బురదైంది. తర్వాతి వాళ్లు ఇంకా పక్కన నడిచారు. అందరూ "ఒక్క అడుగే కదా" అనుకున్నారు.

అవ్వ చీర కుచ్చిళ్లు పైకి దోపుకుంది. ఒక చేత్తో కర్ర పట్టుకుంది. చెప్పులు కొడుకు చేతికిచ్చింది.

"ఇవి వరి నాటిన కాళ్లు. బురదకు భయమా?" అని ముందు నడిచింది.

కోడలు కూడా చెప్పులు విప్పి వెనకే వచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టబోయి, అరవకూడదని గుర్తొచ్చి ఆగారు.

ఇంతలో బాబు ఏడుపు మొదలుపెట్టాడు. కాలి మీద సన్నటి జలగ. తండ్రి లాగబోతే గైడు ఆపాడు. జలగ పట్టిన చోట చర్మం మీద గోరు ఆనించి, దాని మూతిని పక్కకు తోశాడు. అది ఊడిపోయింది. రక్తం మాత్రం కాసేపు కారింది. జలగ ఉమ్మిలో రక్తం గడ్డ కట్టనీయని మందు ఉంటుంది. అందుకే కారుతుంది. భయం లేదు. సబ్బుతో కడిగి, గుడ్డతో నొక్కి పట్టుకుంటే ఆగిపోతుంది.

నది దగ్గర

ముక్కాలు గంట నడిచి నది చేరారు. నది పేరు కుంతి. "తల్లి పేరు నదికి, కోడలి పేరు వనానికి!" అని అవ్వ మురిసిపోయింది. పాండవులు ఇక్కడ తిరిగారని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఈ లోయకు ఇంగ్లీషులో సైలెంట్ వ్యాలీ అని పేరు. అంటే నిశ్శబ్ద లోయ. ఇక్కడ కీచురాళ్ల రొద వినపడదు కాబట్టి ఆ పేరు వచ్చిందని కొందరు అంటారు.

రాత్రంతా వాన పడింది. అయినా నది నీళ్లు తేటగా ఉన్నాయి. అడుగున రాళ్లు కనిపిస్తున్నాయి. అవ్వ చాలాసేపు నీళ్లనే చూస్తూ కూర్చుంది.

"మన ఊరి వంకలో వాన పడితే ఎర్ర నీళ్లు వస్తాయి. రెండో రోజుకు వంక ఎండిపోతుంది" అంది.

ఆ తర్వాత ఒక సంగతి చెప్పింది. ఆమె పెళ్లయి వచ్చినప్పుడు ఊరి గుట్ట మీద చండ్ర, వెలగ, ఊడుగ చెట్లు ఉండేవి. గుట్ట కింద ఒక ఊట ఉండేది. ఎండాకాలంలో కూడా బిందె మునిగేది. కరువు వచ్చింది. కూలి లేదు. ఆడవాళ్లు గుట్ట ఎక్కి కట్టెలు కొట్టారు. మోపు కట్టి టౌనులో అమ్మారు. ఆ డబ్బుతోనే పిల్లలకు గంజి కాచారు.

"నేనూ కొట్టినాను. ఒక్క మోపే కదా అనుకున్నా. అందరం అట్లే అనుకున్నాం. ఊట ఎండిపోయినాక ఆరు మైళ్లు నీళ్లు మోసినాం" అంది అవ్వ.

ఎవరూ మాట్లాడలేదు. కోడలు ఆమె చెయ్యి పట్టుకుంది.

ఈ అడవి ఎలా మిగిలింది?

ఈ అడవి తనంతట తాను మిగల్లేదు. సైరంధ్రి దగ్గర కుంతి నది మీద కరెంటు కోసం ఆనకట్ట కట్టాలనుకున్నారు. 1973లో ప్రణాళికా సంఘం ఒప్పుకుంది. మొదట 120 మెగావాట్ల కరెంటు తీయాలని అనుకున్నారు. ఆనకట్ట కడితే సుమారు 830 హెక్టార్ల అడవి మునిగిపోతుంది. అంటే రెండు వేల ఎకరాలకు పైనే.

కరెంటు అవసరమే. పనులు కావాలని అడగడమూ తప్పు కాదు. ఆనకట్ట కావాలన్న వాళ్లు కేరళలో చాలామంది ఉన్నారు. వద్దన్న వాళ్లు మొదట కొద్దిమందే. కాలేజీ అయ్యవార్లు, పల్లె బడి పంతుళ్లు, విద్యార్థులు, రచయితలు వాళ్లలో ఉన్నారు. కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్ అనే సంస్థ లెక్కలు కట్టింది. ఎంత కరెంటు వస్తుంది? ఎంత అడవి పోతుంది? వేరే మార్గం ఉందా? ఈ లెక్కలను 1979లో పుస్తకంగా వేసింది. కవయిత్రి సుగతకుమారి అడవి తరఫున నిలబడ్డారు. ఆమె సభల్లో మాట్లాడారు, కవితలు రాశారు. పక్షుల శాస్త్రవేత్త సలీం అలీ కూడా అడవిని ఉంచమని కోరారు.

కొందరు హైకోర్టుకు వెళ్లారు. 1980లో అక్కడ ఓడిపోయారు. అయినా మానలేదు. కేంద్ర ప్రభుత్వం ఎం.జి.కె. మీనన్ అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. చివరికి 1983లో ఇందిరా గాంధీ ప్రధానిగా ఉండగా ఆనకట్ట ఆలోచన వదిలేశారు. 1984 నవంబరులో దీన్ని జాతీయ పార్కుగా ప్రకటించారు. 1985 సెప్టెంబరులో రాజీవ్ గాంధీ ప్రారంభించారు. 2007లో చుట్టూ ఉన్న అడవిని కూడా రక్షణ కిందికి తెచ్చారు. ఇప్పుడు అంతా కలిపి సుమారు 237 చదరపు కిలోమీటర్లు.

ఇంకో సంగతి వినండి. అడవి లెక్కలు కట్టిన ఆ పరిషత్తే తర్వాత అక్షరాస్యత ఉద్యమంలోకి దిగింది. 1990 ఫిబ్రవరిలో ఎర్నాకుళం దేశంలో మొదటి సంపూర్ణ అక్షరాస్యత జిల్లా అయింది. ఆ దారిలోనే మన నెల్లూరు జిల్లాలో రాత్రి బడులు వెలిశాయి. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబరు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. చదువు వచ్చినవాళ్లు నలుగురు కూర్చుంటే ప్రశ్న పుడుతుంది. ఒకచోట ఆ ప్రశ్న అడవిని కాపాడింది. ఇంకొకచోట సంసారాలను కాపాడింది.

ఊరికి తిరిగి వచ్చాక

పండగ అయిపోయింది. అవ్వ ఊరికి వచ్చింది. పొదుపు సంఘం మీటింగులో అడవి సంగతి చెప్పింది. అందరూ విన్నారు.

"అంత అడవి మనకెక్కడిది? అంత వాన మనకేది?" అంది ఒకామె.

"నిజమే. ఆ అడవి మనకు రాదు. కొత్తగా నాటినా చెట్లు వస్తాయి గాని, అట్లాంటి అడవి నూరేళ్లకూ రాదు. అందుకే ఉన్నదాన్ని ఉంచుకోవాల. మన గుట్ట సంగతి మన చేతిలోనే ఉండాది. ప్రతి ఎండాకాలం గుట్టకు నిప్పు పెడతా ఉన్నాం. ఆకు, గడ్డి, మొలక అంతా బూడిదవుతోంది. వాన పడితే మట్టి వంకలోకి పోతా ఉంది" అంది అవ్వ.

"కాలిస్తేనే కొత్త గడ్డి బాగా వస్తుంది. కాల్చకపోతే మేకలేం తినాల?" అని ఇంకొకామె లేచింది. ఆమెకు పది మేకలు ఉన్నాయి. వాటి మీదే ఆ ఇల్లు గడుస్తుంది.

ఆ మాట కూడా నిజమే. చాలాసేపు వాదన జరిగింది. చివరికి ఒక మాట మీదికి వచ్చారు. ఊట ఉన్న వైపు సగం గుట్టను మూడేళ్లు కాల్చకూడదు. ఆ వైపు మేకలను తోలకూడదు. కోసిన గడ్డి మాత్రం తెచ్చుకోవచ్చు. రెండో వైపు మేతకు వదలాలి. ఎవరు ఏ వారం కాపలా ఉండాలో రాసుకున్నారు.

రాసింది అవ్వే. మొదటి వారం కాపలా పేరు కూడా ఆమెదే. రెండో పేరు మేకలామెది.

మూడేళ్లకు ఊటలో నీళ్లు వస్తాయా? ఇప్పుడే చెప్పలేం. కాని మొదటి వానకు అవ్వ గుట్ట ఎక్కి చూసింది. కాల్చని వైపు రాలిన ఆకు కింద చెయ్యి పెట్టింది. నేల తడిగా ఉంది.

కొత్త మాటలు

వర్షారణ్యం – వానలు ఎక్కువగా పడే, ఎప్పుడూ పచ్చగా ఉండే అడవి
కనుమలు – కొండల వరస
జాతీయ పార్కు – ప్రభుత్వం చట్టం కింద కాపాడే అడవి
హెక్టారు – సుమారు రెండున్నర ఎకరాలు
గైడు – దారి చూపే మనిషి

చెప్పండి

1. సైరంధ్రి అనేది ఎవరి పేరు?
2. దారిలో బురద ఉంది. దారి పక్కన ఎందుకు లేదు?
3. సింహపు తోక కోతి ఎక్కడ బతుకుతుంది?
4. జలగ పడితే ఏం చేయాలి?
5. ఆనకట్ట ఆలోచన ఏ సంవత్సరంలో వదిలేశారు?

చేసి చూడండి

రెండు చెంబుల నీళ్లు తీసుకోండి. ఒక చెంబు చెట్టు కింద ఆకులు ఉన్నచోట పోయండి. ఇంకో చెంబు నడిచే బాటలో పోయండి. ఎక్కడ నీళ్లు త్వరగా ఇంకాయి? ఎక్కడ పారిపోయాయి? చూసింది రెండు వాక్యాల్లో రాయండి.

చర్చించండి

1. మీ ఊరి గుట్ట, వంక, చెరువు మీ చిన్నప్పుడు ఎలా ఉండేవి? ఇప్పుడు ఎలా ఉన్నాయి?
2. "ఒక్క మోపే కదా" అని అవ్వ అనుకుంది. అప్పుడు ఆమెకు వేరే దారి ఉందా?
3. మేకలామె మాటలో న్యాయం ఉందా? మీ సంఘంలో అయితే ఏం తీర్మానం చేస్తారు?